ఆన్-వో కలాంక్‌కు నడిచి వెళ్లడం మేలా, పడవెక్కడం మేలా?

"ఇంత దూరం తీసుకొచ్చి దింపరా?"

పడవ వెనక్కి మళ్లుతుంటే అమ్మ అడిగిన మాట ఇది. ఎదురుగా, గట్టిగా పిలిస్తే పలికేంత దూరంలో ఆన్-వో తీరం, దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రం కొండల్లోకి చొరబడిన ఒక కోన. రెండు వైపులా తెల్లటి సున్నపురాయి కొండలు గోడల్లా నిలువుగా లేచి ఉన్నాయి. వాటి నడుమ ఇరుకైన నీటి సందు, సందు చివర బుల్లి గులకరాళ్ల ఒడ్డు, దాని మీద తువ్వాళ్లు పరుచుకుని ఎండకు ఒళ్లు కాచుకుంటున్న జనం. మా పడవ నీళ్ల మీద తేలే పసుపు బంతుల వరుస దాకా వెళ్లి, ఫొటోలు తీసుకునేంత సేపు నిలిచి, ఉన్నచోటనే మెల్లగా చుట్టు తిరిగింది. ఆ పడవలు ఎవరినీ దింపవు. టికెట్టు కొన్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. అమ్మకు ముందే చెప్పకపోవడం నా తప్పు.

అదే చోటుకు నేను మూడు సార్లు మూడు రకాలుగా వెళ్లాను. ఏప్రిల్‌లో ఆఫీసు స్నేహితురాలితో నడిచి, జూన్‌లో అమ్మానాన్నలతో పడవలో, సెప్టెంబరులో మా ఆయనతో కలిసి కయాక్ అనే సన్నటి చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ. మేముండేది లియోన్‌లో. అక్కడి నుంచి ఆన్-వోకు దగ్గరి మార్సే నగరానికి వేగంగా వెళ్లే రైల్లో రెండు గంటల లోపే. అందుకే ఇంటికి చుట్టాలో స్నేహితులో వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న నా ముందుకు వస్తుంది: నడవాలా, పడవెక్కాలా? అడిగేవాళ్లందరూ వెళ్లే దారి గురించే అడుగుతారు. నేను మాత్రం తిరిగొచ్చే దారి చూసి ఎంచుకోమంటాను. మూడింటికీ ఉన్న అసలు తేడా అక్కడే బయటపడుతుంది.

సముద్రం చొరబడిన కోన

ముందు ఈ చోటు సంగతి కొంచెం చెప్పాలి. దక్షిణ ఫ్రాన్స్‌లో మార్సే నుంచి తూర్పున కాసీ అనే రేవు ఊరి దాకా సుమారు ఇరవై కిలోమీటర్ల పొడవునా సున్నపురాయి కొండలు నేరుగా మధ్యధరా సముద్రంలోకి దిగుతాయి. (కాసీ పేరు రాసేటప్పుడు చివర ఒక 'స్' ఉంటుంది. ఊరివాళ్లు దాన్ని పలకరు. పలికితే బయటివాళ్లమని వెంటనే తెలిసిపోతుంది.) ఆ కొండలను ఎప్పుడో వాగులు కోసి కోనలుగా చేశాయి. చివరి మంచుయుగం ముగిసి సముద్రమట్టం పెరిగేసరికి కోనల కింది భాగాలు మునిగిపోయాయి. అలా సముద్రం చొరబడిన కోననే ఇక్కడ కలాంక్ అంటారు.

ఎంత మునిగాయో చెప్పే సాక్ష్యం కూడా ఇక్కడే దొరికింది. 1985లో ఆన్రీ కోస్కేర్ అనే గజ ఈతగాడు మోర్జియూ అనే కలాంక్ దగ్గర నీటి అడుగున 37 మీటర్ల లోతులో ఒక సొరంగం నోరు చూశాడు. సొరంగం పైకి పాకుతూ వెళ్లి ఒక గుహలో తేలింది. గుహ గోడల మీద గుర్రాలు, సీల్ జంతువులు, పెంగ్విన్‌లను పోలిన పక్షులు, మనుషుల అరచేతుల అచ్చులు ఉన్నాయి. వాటిని వేసినవాళ్లు మాత్రం నడుచుకుంటూ వచ్చినవాళ్లే. మంచుయుగంలో సముద్రం నేటికన్నా దాదాపు 120 మీటర్ల దిగువన, ఒడ్డు కొన్ని కిలోమీటర్ల అవతల ఉండేది మరి.

2012లో ఈ కొండలనూ వాటి ముందున్న సముద్రాన్నీ కలిపి జాతీయ పార్కుగా ప్రకటించారు. పెద్ద నగరం పక్కనే ఇంత అందం ఉంటే ఏమవుతుందో అదే అయింది. సుజితోన్ అనే కలాంక్‌కు రద్దీ రోజుల్లో 2,500 మంది దాకా వచ్చేవారు. వాళ్ల కాళ్ల కింద మట్టి జారిపోయి పైన్ చెట్ల వేళ్లు బయటపడ్డాయి. దాంతో 2022 నుంచి వేసవిలో అక్కడికి రోజుకు 400 మందినే అనుమతిస్తున్నారు. ఉచితమే, కానీ ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దానికి ముందే, 2021లో, పార్కువాళ్లు ఇంకో చిత్రమైన పని చేశారు. నీలి నీళ్ల ఫొటోల బదులు కిక్కిరిసిన ఒడ్ల ఫొటోలు చూపించి, దారి కష్టం, నీడ ఉండదు, నీళ్లు దొరకవు అంటూ తమ చోటుకు తామే చెడ్డ ప్రచారం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లను వద్దనే పర్యాటక ప్రచారం నేను ఇంకెక్కడా చూడలేదు. అయితే అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదని ఏప్రిల్‌లో నా మోకాళ్లు చెప్పాయి.

నడక

కాసీ రైల్వే స్టేషను ఊరికి మూడు కిలోమీటర్లకు పైగా దూరంలో, మెట్ట మీద ఉంటుంది. కిందికి బస్సు ఉంది. అక్కడే కాళ్లు అరగదీసుకోకండి. నడక కాసీ రేవు నుంచే మొదలుపెట్టవచ్చు. ఇళ్ల మధ్య నుంచి అరగంట నడిస్తే పోర్-మియూ వస్తుంది. ఇది కిలోమీటరుకు పైగా పొడవున్న కలాంక్. రెండు ఒడ్లా వందల పడవలు కట్టేసి ఉంటాయి, గాలికి తెరచాప స్తంభాల తాళ్లు టకటకా కొట్టుకుంటుంటాయి. పక్కనే పాత రాతి గని. కాసీ తెల్లరాయిని ఇక్కడే తొలిచి నేరుగా ఓడలకెక్కించేవారు. ఇదే కలాంక్ అడుగున ఒక భూగర్భ నది సముద్రంలో కలుస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

అక్కడి నుంచి రాళ్ల మీద, చెట్ల మొదళ్ల మీద ఎరుపు తెలుపు గీతలు దారి చూపిస్తాయి. మరో అరగంటకు పోర్-పాన్. ఫ్రెంచిలో 'పాన్' అంటే పైన్ చెట్టు. పేరుకు తగ్గట్టే పైన్ చెట్ల నీడ, పిల్లలు కూడా దిగగలిగే చిన్న ఒడ్డు. ఇంతవరకూ నడక కాదు, షికారు. చాలామంది ఇక్కడే చాప పరుస్తారు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ చెబుతాను.

పోర్-పాన్ దాటగానే దారి తన అసలు రంగు చూపిస్తుంది. రాళ్ల మధ్య నుంచి నిలువుగా ఎక్కాలి, పైన కాసేపు మిట్ట మీద నడవాలి, ఆ తర్వాత ఆన్-వో కోనలోకి దిగాలి. ఆ దిగుడే అందరూ భయపెట్టేది. ఏళ్ల తరబడి జనం తొక్కి తొక్కి సున్నపురాయి నున్నటి గచ్చులా తయారైంది. నా స్నేహితురాలు పది అడుగుల దూరం కూర్చునే జారింది. నేను పట్టుకోవడానికి చెయ్యి చాపితే ఒక పైన్ వేరు అందింది. అందరూ పట్టుకునే చోటు అదే అన్నమాట. బెరడు ఎప్పుడో పోయి, పాత ఇంటి ద్వారబంధంలా నల్లగా, నునుపుగా మెరుస్తోంది. దాన్ని పట్టుకున్నాక నాకు ధైర్యం వచ్చింది. నాకన్నా భయపడ్డవాళ్లు ఎందరో దాన్ని పట్టుకునే దిగారు కదా అనిపించింది.

కాసీ రేవు నుంచి మొత్తం రెండు గంటలు పట్టింది. ఉదయం తొమ్మిది దాటకుండానే చేరాం. ఒడ్డు మీద మాతో కలిపి పది మంది కూడా లేరు. కుడివైపు కొండ గోడ మీద ఇద్దరు తాళ్లు కట్టుకుని పైకి ఎక్కుతున్నారు. వాళ్లలో ఒకరి చేతిలోంచి జారిన చిన్న ఇనుప కొక్కెం రాళ్లకు తగులుతూ పడిన చప్పుడు కోనంతా తిరిగి వచ్చింది. నీళ్లు అంచున లేత ఆకుపచ్చ, నాలుగు అడుగుల అవతల నీలం. గులకరాళ్ల మీద వట్టి కాళ్లతో నడవడం కష్టం. రబ్బరు చెప్పులు తెచ్చుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఏప్రిల్ నీళ్లు కాబట్టి ఈత మాట ఎత్తలేదు, మోకాళ్ల దాకా దిగి అరుచుకుంటూ బయటికి వచ్చాం.

పులిహోర డబ్బా తెరిచాం. సముద్రపు కొంగలు, అంటే ఈ ఊళ్లో కాకుల్లాంటి తెల్లటి గల్ పక్షులు, మా చుట్టూ పంచాయితీ పెట్టాయి. పోపులోని శనగపప్పు వాటికి నచ్చలేదని మాత్రం చెప్పగలను. శనగ అంటే గుర్తొచ్చింది, మార్సే వీధుల్లో పనీస్ అని అమ్ముతారు. శనగపిండిని ఉడికించి, ఆరబెట్టి, బిళ్లలుగా కోసి నూనెలో వేయిస్తారు. కొంచెం కారం తగిలిస్తే మన బజ్జీల బండి మీద పెట్టినా తేడా తెలియదు. శాకాహారులు ఈ ఊళ్లో ఆకలితో ఉండాల్సిన పని లేదు.

ఇక తిరుగు దారి. మామూలుగా కొండ నడకల్లో ముందు ఎక్కుతాం, కాళ్లు అలిసే వేళకు దిగుతాం. కలాంక్‌లలో ఇది తలకిందులు. గమ్యం సముద్రమట్టం దగ్గర ఉంది. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు దిగుతాం. అలిసిపోయి, కడుపు నిండి, చెప్పుల్లో తడి ఉన్నప్పుడు, సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కాలి. తెల్లరాయి కింది నుంచి కూడా వేడి కొడుతుంది. రెండేసి లీటర్లు తెచ్చుకున్నాం, పోర్-పాన్ చేరేసరికి ఇద్దరి దగ్గరా కలిపి ఒక సీసా అడుగున మిగిలింది. దారి పొడవునా కొళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లు ఈ రెండో సంగతి బయలుదేరే ముందే లెక్కలో వేసుకోవాలి. మేం ఎక్కుతుండగా ఎదురైన ఒక కుటుంబం చేతిలో అరలీటరు సీసా ఒక్కటి, కాళ్లకు హవాయి చెప్పులు. అప్పుడు పన్నెండున్నర. వాళ్లకు నా విరిగిన ఫ్రెంచిలో వద్దని చెప్పాను. నవ్వి ముందుకు వెళ్లారు.

కారు ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. మార్సే, కాసీల మధ్య కొండ రోడ్డు నుంచి చీలి గార్దియోల్ కనుమ దాకా వెళ్లి, అక్కడ నుంచి గంటా గంటంబావులో కోన గుండా దిగవచ్చు. వాలు కాస్త మెత్తన. కానీ పోర్-మియూ, పోర్-పాన్ చూడలేరు.

పడవ

కాసీ రేవులో పడవవాళ్ల టికెట్ల బడ్డీ ఉంటుంది. మూడు కలాంక్‌లు చూపించే చుట్టు నుంచి తొమ్మిది చూపించే చుట్టు దాకా రకరకాలుగా ఉంటాయి. మూడింటిదైతే ముప్పావు గంట. పోర్-మియూ, పోర్-పాన్, ఆన్-వో చూపించి తీసుకొస్తారు. కలాంక్‌ల సంఖ్యతో పాటు సమయం, ధర పెరుగుతాయి. నా మాట వింటే మొదటిసారికి మూడింటిది చాలు. అయిదింటి చుట్టులో వచ్చే దవాంసోన్ కొండ గోడలు గొప్పగా ఉంటాయి నిజమే, కానీ గంట దాటాక చాలామంది కళ్లకు అన్ని రాళ్లూ ఒకేలా కనిపిస్తాయి. పిల్లలైతే అరగంటకే.

కూర్చునే చోటు గురించి ఒక మాట. కాసీ నుంచి పడవ పడమరకు సాగుతుంది కాబట్టి వెళ్లేటప్పుడు కొండలు కుడివైపు ఉంటాయి. నాన్న హడావిడిగా వెళ్లి ఎడమవైపు కూర్చున్నారు. వెళ్లినంత సేపూ ఆయనకు ఉత్త సముద్రమే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కొండలన్నీ ఆయన వైపే వచ్చాయి. పైగా ఎదురుగా కాప్ కనాయ్ కొండ, 394 మీటర్ల ఎత్తున ఎర్రగా, ఒక పక్క కోసేసినట్టు కనిపించింది. "ముందే తెలిసి కూర్చున్నాను" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు.

అమ్మకు మొదట్నుంచీ ఇది తెలిసిన వ్యవహారంలాగే ఉంది. "పాపికొండల లాంచీ లాంటిదే కదా" అంది. "కాకపోతే ఇక్కడ మైకులో పాటలు లేవు, నీళ్లలో అడుగు కనిపిస్తోంది." మైకులో ఫ్రెంచి వ్యాఖ్యానం నడుస్తోంది. నాకు అర్థమైనంత వరకు తెలుగులో చెబుతూ వచ్చాను. రాతి గని దగ్గర నాన్న లేచి నిలబడ్డారు. ఆయన పని చేసినంత కాలం నీటిపారుదల శాఖలో రాళ్లూ సిమెంటూ లెక్కపెట్టిన మనిషి. కొండను ఏ వైపు నుంచి కోసుకొచ్చారో, ఓడ ఎక్కడ ఆగేదో వేలితో గీసి నాకే చెప్పారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, మోకాలి నొప్పితో, ఆయన పోర్-మియూ మొత్తం చూసిన దారి ఇదొక్కటే. నేను నడిచి వెళ్లినప్పుడు ఆ గనిని దాటుకుంటూ పోయానే గాని ఒక్క నిమిషం నిలబడి చూడలేదు.

అయితే పడవకు ఒక గట్టి లోటు ఉంది. నీటిని చూస్తారు, ముట్టుకోరు. ఒడ్డు మీద తువ్వాలు పరుచుకున్నవాళ్లు మన వైపు చూసే చూపులో కొంచెం విసుగు ఉంటుంది. వాళ్ల దృష్టిలో మనం అరగంటకొకసారి వచ్చి ఫొటోలు తీసుకుని పోయే గుంపు. నడిచి వెళ్లిన రోజున నేనూ ఆ పడవల వైపు అలాగే చూశాను.

తిరుగు దారి అంటారా? అసలు లేదు. ముప్పావు గంటకు రేవులో దిగి, ఐస్‌క్రీమ్ కొనుక్కుని, బల్ల మీద కూర్చున్నాం. పెద్దవాళ్లు ఉన్నా, చంటిపిల్లలు ఉన్నా, చేతిలో ఒక్క పూటే ఉన్నా ఇంతకన్నా మంచి మార్గం లేదు.

సొంతంగా నడుపుకునే చిన్న మోటారు పడవలు కూడా అద్దెకు దొరుకుతాయి. ఫ్రాన్స్‌లో ఆరు గుర్రపు శక్తి దాకా లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆన్-వోలో ఆ బంతుల వరుస దాటి ఇంజను పోకూడదు, లంగరు ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు. అడుగున పోసిడోనియా అనే సముద్రపు గడ్డి ఉంటుంది. లంగరు దాన్ని వేళ్లతో సహా పెకలిస్తుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గోధుమరంగు ఆకుల గుట్టలు ఆ గడ్డివే. చెత్త అనుకుని ముక్కు మూసుకునేవాళ్లను చూశాను. చలికాలపు అలలకు ఒడ్డు కోసుకుపోకుండా కాపాడేది ఆ చెత్తే. మొత్తానికి అద్దె మోటారు పడవ డబ్బుకు తగ్గ సుఖం ఇవ్వదని నా అభిప్రాయం.

కయాక్

నడకలో చెమట ఉంది, పడవలో దూరం ఉంది. కయాక్‌లో ఈ రెండూ లేవు, అందుకే దాన్ని ఎక్కువగా పొగడాలని ఉంది. కానీ నిజం చెప్పాలి కాబట్టి అది చివర్లో మమ్మల్ని ఏం చేసిందో కూడా చెబుతాను.

పోర్-మియూలో అద్దెకు తీసుకున్నాం. ఇద్దరు కూర్చునే ప్లాస్టిక్ కయాక్, లైఫ్ జాకెట్లు, ఫోన్లూ తువ్వాళ్లూ పెట్టుకోవడానికి నీరు చొరని మూట. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరాం. పోర్-మియూ నోరు దాటగానే పడవల తాళ్ల చప్పుడు ఆగిపోయింది. కొండ అడుగునే సాగుతుంటే అల లోపలి బొరియలోకి వెళ్లి గుటక వేసిన శబ్దం చేస్తుంది. పైన కొండ మీద సికాడాల రొద. మన కీచురాళ్లలా రొద చేసే పురుగులు ఇవి, పగలే అరుస్తాయి. తెడ్డు ఆపి కిందికి చూస్తే తెల్లటి ఇసుక మీద మా కయాక్ నీడ, దాని పక్కన ఆ సముద్రపు గడ్డి చేలు ఒకే వైపుకు వంగి ఊగుతూ కనిపించాయి. గంట లోపే ఆన్-వో. పడవ ఆగిపోయిన బంతుల వరుస పక్క నుంచి మెల్లగా లోపలికి జారి గులకరాళ్ల మీద కయాక్ ముక్కు ఆనించాం. అమ్మ అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు దొరికింది.

మా ఆయన ఉత్సాహంగా దూకి, దూకినంత వేగంగానే పైకి వచ్చారు. నీళ్లు మంచు. సెప్టెంబరులో మధ్యధరా గోరువెచ్చగా ఉండాలి కదా అంటే, రెండు రోజుల కిందట మిస్త్రాల్ వీచింది. ఉత్తర దిక్కు నుంచి, రోన్ నది లోయ గుండా దిగే గాలి అది. అది పైనున్న వెచ్చటి నీటిని ఒడ్డు నుంచి లోపలికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. 23 డిగ్రీలున్న నీరు ఒకటి రెండు రోజుల్లోనే 15, 16కు పడిపోవడం ఇక్కడ మామూలే. ఆకాశం అద్దంలా ఉంటుంది, నీరు ఫొటోలో అద్భుతంగా ఉంటుంది, దిగితే పళ్లు కొట్టుకుంటాయి.

కయాక్ అద్దెకిచ్చినాయన పన్నెండు లోపు వచ్చేయమన్నాడు. మేం ఒంటిగంటన్నరకు బయలుదేరాం. తప్పు పూర్తిగా మాదే. తూర్పు గాలి లేచింది, మాకు సరిగ్గా ఎదురు. అల కొండకు తగిలి వెనక్కి వస్తుంది. వచ్చే అల, పోయే అల కలిసే చోట నీరు కుండలో ఎసరులా కుతకుతలాడుతుంది. పొద్దున గంట లోపు వచ్చిన దారికి తిరిగి వెళ్లడానికి రెండు గంటలు పట్టింది. మధ్యలో నేను తెడ్డు ఒళ్లో పెట్టుకుని రెండు నిమిషాలు ఊపిరి తీసుకున్నాను. కొండ మీది ఒకే వంకర చెట్టు పక్కనే ఉన్నాం, ఆగేసరికి ఆ చెట్టు మా ముందుకు వెళ్లిపోయింది. అంటే మేం వెనక్కి పోతున్నాం. ఆ తర్వాత పోర్-మియూ నోరు వచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అది తూర్పు గాలి కాబట్టి అలసటతో పోయింది. మిస్త్రాల్ అయితే కథ వేరు. అది ఒడ్డు వైపు నుంచి సముద్రం వైపు వీస్తుంది. కోనలో ఉన్నంత సేపూ ప్రశాంతంగా ఉంటుంది, బయటికి రాగానే కయాక్‌ను సముద్రం లోపలికి తోసుకుపోతుంది. అద్దె దుకాణాలవాళ్లు ఇవ్వం అంటే బతిమాలకండి. సముద్రంలో ఆపదకు ఫ్రాన్స్‌లో 196, దేనికైనా 112. కోనల్లో ఫోను సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

గాలి చెప్పే తీర్పు

ఇన్ని చెప్పాక కూడా, ఏ రోజున ఏది కుదురుతుందో చెప్పేది మీరు కాదు, నేను కాదు, గాలి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కొండల్లో అగ్ని ప్రమాదాన్ని బట్టి రోజుకో రంగు ప్రకటిస్తారు. మరుసటి రోజు రంగు ముందు రోజు సాయంత్రానికి పార్కువాళ్ల యాప్‌లో తెలుస్తుంది. ఎరుపు వస్తే నడకకు ప్రవేశం లేదు. ఎండిన రోజ్‌మేరీ పొదలు, జిగురు నిండిన పైన్ చెట్లు, పైన మిస్త్రాల్. ఒక్క నిప్పురవ్వ చాలు. సిగరెట్టు మీద నిషేధం ఏడాది పొడవునా ఉంటుంది.

నడక మూసిన రోజున పడవెక్కుదాం అనుకుంటారు. మామూలు ఎర్ర రోజున అది పనిచేస్తుంది. కానీ మిస్త్రాల్ వల్ల వచ్చిన ఎరుపు అయితే అదే గాలికి పడవల చుట్లు కూడా రద్దు కావచ్చు, లేదా దగ్గరి కలాంక్‌లకే పరిమితం కావచ్చు. కయాక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే రైలు టికెట్లతో పాటు ఒక ప్రత్యామ్నాయం జేబులో పెట్టుకోవాలి. మార్సేలో కోస్కేర్ గుహ నమూనాను 2022లో తెరిచారు. గాలి వీచే రోజుకు అంతకన్నా మంచి చోటు లేదు. మునిగిపోయిన గుహను బట్టలు తడవకుండా చూడవచ్చు.

మరి ఎవరికి ఏది?

ఏప్రిల్, మే, అక్టోబరు నెలల్లో, గంటకు పైగా కొండ ఎక్కగలిగినవాళ్లకు నా ఓటు నడకకే. తెల్లవారగానే బయలుదేరాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, మంచి పట్టున్న బూట్లు, పదకొండు గంటలకల్లా తిరుగు దారి పట్టాలి. ఆ ఒడ్డు మీద ఖాళీగా కూర్చున్న గంటన్నర నాకు మిగతా రెండు ప్రయాణాల్లో దొరకలేదు. ఈత మీద ఆశ మాత్రం పెట్టుకోకండి.

జూలై, ఆగస్టుల్లో నడకను నేను ఎవరికీ చెప్పను. అప్పుడు ఈత వచ్చినవాళ్లకు పొద్దున్నే కయాక్, మిగతా అందరికీ పడవ. కయాక్ ధర పడవ టికెట్టు కన్నా ఎక్కువే గాని దానితో సగం రోజు మీదవుతుంది. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ ఉంది కదా అని కయాక్ ఎక్కవద్దు. అద్దెకిచ్చేవాళ్లు కూడా అడుగుతారు, అబద్ధం చెప్పకండి.

తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లు అందరూ నన్ను అడిగేది ఒకటే: పడవ చాలదా? చూడటానికి చాలు. అయితే నేను ఇందాక గుర్తుంచుకోమన్న పోర్-పాన్ సంగతి వీళ్లకోసమే. పోర్-మియూ దాకా కారులోనో టాక్సీలోనో వెళితే అక్కడి నుంచి అరగంట, మెల్లగా నడిస్తే ముప్పావు గంట. భయపెట్టే దిగుడు లేదు, పైన్ నీడ ఉంది, నీళ్ల దాకా దిగవచ్చు. తిరుగు దారిలో ఎక్కుడు ఉంది గాని ఆగి ఆగి ఎక్కేంతే. ఆన్-వో అంత అందం లేదు. కానీ కాళ్లు తడుస్తాయి.

ఈ మాటే పోయిన వారం ఫోన్లో అమ్మకు చెప్పాను. వచ్చే ఏప్రిల్‌కు వీసా కాగితాలు ఎప్పుడు పంపాలో అడిగింది, మోకాళ్లకు బెల్టులు కొనేసిందట. వెనక నుంచి నాన్న గొంతు వినబడింది: "నాకు లాంచీ టికెట్టు తియ్యమ్మా. ఈసారి కుడివైపు."